మార్కరు బల్ల

మా అత్తగారి మంచం హాల్లోంచి వంటింటి పక్క గదిలోకి మారింది ఆ వానాకాలంలోనే. ఇప్పటికీ బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళు, హాల్లో ముప్పావు భాగం ఆక్రమించుకుని ఉన్న పూల్ బల్లను చూసి, తర్వాత నన్ను చూసి, "ఇదేంటమ్మా ఇంత బల్ల?" అంటారు. "గుడ్డలు కత్తిరించుకోడానికా?" అని అడిగిన మహానుభావులు కూడా ఉన్నారు. నవ్వి ఊరుకుంటాను. ఊరుకోవడం నాకు చేతకాని పనే, కానీ వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ సంగతంతా చెబుతూ కూర్చుంటే మిషను ఎవరు తొక్కుతారు?

మా నాన్న మార్కరు. అంటే, ఒక పెద్ద క్లబ్బులో పూల్ బల్ల దగ్గర నిలబడి సభ్యులకు బంతులు పేర్చి పెట్టడం, స్కోరు చెప్పడం, కర్రల కొసలకు సుద్ద రాయడం, జోడీ దొరక్క వచ్చినవాళ్ళతో ఆడడం, ఆట అయ్యాక బల్ల తుడవడం. ముప్ఫై రెండేళ్ళు అదే పని చేశాడు. పని మానేశాక, అమ్మ కూడా పోయాక, నేను వెళ్ళి మా ఇంటికి తీసుకొచ్చాను. క్లబ్బున్న ఊరికీ మా ఊరికీ లారీలో రెండు పగళ్ళ ప్రయాణం.

వచ్చి రెండేళ్ళయినా నాన్న కుర్చీ అంచునే కూర్చునేవాడు. ఏది పెట్టినా తినేవాడు, ఏది పెట్టకపోయినా అడిగేవాడు కాదు. అల్లుడి ఇంట్లో ఉంటున్నానన్న మొహమాటం అనుకున్నాను. మా ఆయన మోటార్లకు తీగ చుట్టే మనిషి. మామగారు కుర్చీలో ఎంత మేర కూర్చున్నారో చూసేంత తీరిక ఆయనకు లేదు. అత్తగారైతే నాన్న ఎదురుగా కూర్చుని రోజంతా తన కీళ్ళనొప్పుల చరిత్ర చెప్పేది. "అన్నయ్యగారంత మంచి మనిషిని నేను చూళ్ళేదే. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు," అని నాతో మెచ్చుకునేది. అడ్డు రావడానికి నోట్లో నాలుక ఉండాలి కదా!

వానలు మొదలైన వారంలో క్లబ్బు తోటమాలి ఫోన్ చేశాడు. కొత్త బల్లలు వస్తున్నాయట, పాతది తీసేస్తున్నారట. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ కింద మూడు రాతి పలకలుంటాయి. వాటిని ఎవరో వంటగట్లకి అడుగుతున్నారట. నాన్న ఫోన్ పెట్టేసి భోజనం దగ్గర కూర్చున్నాడు. సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"ఏమైంది నాన్నా?"

"ఏం లేదమ్మా. నున్నటి రాయి. వంటగట్టుకి బాగానే ఉంటుంది."

ఆ మాట అంటూ ఆయన అరచేత్తో గాలిలో ఏదో నిమిరాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కావాలని ఉంటే కావాలని చెప్పొచ్చు కదా! అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, మరి కూతురు ఎలా పెడుతుంది? మూడో మిషను కొందామని దాచుకున్న డబ్బు తీసి మా ఆయన ముందు పెట్టాను.

"బల్ల కొంటున్నాను."

"ఎక్కడ పెడతావు?"

"హాల్లో."

"మా అమ్మని ఎక్కడ పెడతావు?"

అత్తగారు మంచం మీంచే అందుకుంది. "తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుంది నీ వరస. అయినా ఆయన బల్ల కోసం భోజనం దగ్గర్నించి లేచిపోయాడంటే అది మామూలు బల్ల కాదులే. నా మంచం వంటింటి పక్కకి జరపండి. కాఫీ వాసనైనా తగుల్తుంది."

నాన్న వద్దన్నాడు. వద్దు వద్దంటూనే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

*

చిన్నప్పుడు ఆ క్లబ్బు వెనక గేటు దగ్గర నిలబడి నాన్నకు క్యారియరు అందించేదాన్ని. లోపల ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఈసారి డబ్బు పెట్టి కొనడానికి వచ్చాం కదా, ముందు గేటుకేసి నడిచాను. నాన్న వెనక గేటుకేసి నడిచాడు. "అటు కాదు నాన్నా" అంటే వినలేదు. చివరికి నేనే ఆయన వెనక నడిచాను. కొన్నవాళ్ళం మేమే, దొంగల్లా దూరినవాళ్ళమూ మేమే!

సెక్రటరీ గారు మా నాన్న కంటే పదేళ్ళు చిన్నవాడు. గదిలో నాలుగు కుర్చీలున్నాయి. నన్ను కూర్చోమన్నాడు. నాన్నను అనలేదు. నాన్న గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేనూ కూర్చోలేదు. కాగితాల మీద నిలబడే సంతకం పెట్టాను.

"ఏమోయ్ మార్కరూ, ఆఖరికి బల్లని ఎత్తుకుపోతున్నావన్నమాట," అని నవ్వాడాయన. "విప్పే ముందు ఒక్క ఆట ఆడదాం పద. మళ్ళీ నాతో ఎవరు ఆడతారు నీలాగా?"

నాన్న మొహం వెలిగిపోయింది. అది చూసి నా కోపం కాస్త దిగిందని ఒప్పుకుంటాను.

నాన్న ఆడగా చూడడం అదే మొదటిసారి. ఆ ఆటలో ఒకరికి నిండు రంగు బంతులు ఏడు, ఇంకొకరికి చారల బంతులు ఏడు. మన ఏడూ బల్ల అంచు కన్నాల్లో, అంటే పాకెట్లలో, పడేశాక, చివర్లో నల్ల బంతి వెయ్యాలి. నల్లది వేసినవాడు గెలిచినట్టు. ఇంట్లో కుర్చీ అంచున కూర్చునే మనిషి ఇక్కడ కర్ర పట్టుకోగానే నిటారుగా అయిపోయాడు. వంగి, కన్ను మూసి తెరిచేలోపు ఒకటి, బల్ల చుట్టూ తిరిగి ఇంకొకటి. కర్రతో కొట్టే తెల్ల బంతి ఆయన చెప్పినచోట ఆగుతోంది. వేళ్ళు ఎంత తేలిగ్గా కదిలాయంటే, నేను సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా అంత తేలిగ్గా కదలవు. ఇంత గొప్పవాడా మా నాన్న!

నాన్నవి ఏడూ అయిపోయాయి. సెక్రటరీ గారికి ఇంకా రెండున్నాయి. నల్ల బంతి పాకెట్‌కి జానెడు దూరంలో ఉంది. నేనైనా వేసేస్తాను. నాన్న వంగాడు, కొట్టాడు. నల్ల బంతి పాకెట్ అంచుకు తగిలి, అటూ ఇటూ ఊగి, బయటే ఆగిపోయింది.

"అయ్యయ్యో," అన్నాడు నాన్న.

సెక్రటరీ గారు తన రెండూ వేసి, నల్లది కూడా వేశాడు. నాన్న కొట్టిన దెబ్బకి తెల్ల బంతి ఆయనకు వీలుగా ఉండే చోటికే వచ్చి ఆగి ఉంది. "దగ్గరకొచ్చి పోగొట్టుకుంటావోయ్ ఎప్పుడూ," అని నాన్న భుజం తట్టాడు. "మా అబ్బాయి మీ ఊళ్ళోనే ఉంటున్నాడు. వచ్చినప్పుడు మీ ఇంటికొచ్చి ఆడతా."

వరండాలోకి రాగానే అడిగాను. "కావాలనే కదూ తప్పావు?"

నాన్న అటూ ఇటూ చూశాడు. "నెమ్మదిగా మాట్లాడమ్మా. మార్కరు గెలిస్తే సభ్యుడు రేపు ఆడడానికి రాడు. అలా అని చెత్తగా ఆడినా రాడు. బాగా ఆడాలి, చివర్లో పోవాలి. పోగొట్టుకున్నట్టు తెలియకూడదు. అదే పని."

"ముప్ఫై రెండేళ్ళూ?"

"జీతం దానికే కదమ్మా."

మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ బల్ల మీద నాన్న ఎన్ని వేల ఆటలు ఆడి ఉంటాడు! ఒక్కటంటే ఒక్కటి గెలవనిచ్చారా? మా ఇంటికి చేరాక ఒక్క ఆట, ఒకే ఒక్క ఆట ఆయన గెలవగా నా కళ్ళతో చూడాలని అప్పుడే అనుకున్నాను. బల్ల కొన్నది దానికే అనిపించింది.

*

వడ్రంగి మర్నాడు పొద్దున వచ్చి బల్ల విప్పాడు. గుడ్డ తీశాడు, రబ్బరు అంచులు తీశాడు, మూడు రాతి పలకల మీద సుద్దతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేశాడు. ఒక్కో పలక మొయ్యడానికి నలుగురు కావలసి వచ్చింది. నాన్న ప్రతి పలక వెంటా నడిచి, లారీ ఎక్కించాక తువ్వాలుతో తుడిచి, కింద పాత దుప్పటి దోపి, నిలువుగా చెక్క చట్రానికి ఆనించి కట్టించాడు.

"నిలబెట్టే తీసుకెళ్ళాలండీ. పడుకోబెడితే గతుకుల్లో నడుం విరుగుతుంది దీనికి," అని డ్రైవరుకు చెప్పాడు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"పెద్దాయనా, మా తాతలనాటి నుంచి రాళ్ళు మోస్తున్నాం. పడుకోబెడితే రాయికీ నిద్ర, మనకీ నిద్ర," అన్నాడు డ్రైవరు. అయినా ఆ పూటకి సరేనన్నాడు.

నేను ముందు సీట్లో కూర్చున్నాను. నాన్న వెనకాల టార్పాలిన్ కింద పలకల దగ్గరే కూర్చుంటానన్నాడు. ఎంత చెప్పినా దిగలేదు. వాన, గతుకులు, మళ్ళీ వాన. బండి ఆగినప్పుడల్లా దిగి వెళ్ళి చూసేదాన్ని. ఒక చెయ్యి పలక మీద వేసి, జ్వరం వచ్చిన బిడ్డ పక్కన కూర్చున్నట్టు కూర్చుని ఉండేవాడు.

రెండో రోజు మధ్యాహ్నం ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. మొహం కడుక్కుని వచ్చేసరికి లారీ వెనక తలుపు తీసి ఉంది. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలు దొంతర్లు దొంతర్లుగా పెట్టి ఉన్నాయి. లోపల డ్రైవరు, టీ కొట్టులోంచి వచ్చిన ఇద్దరు, వాళ్ళతో పాటు మా నాన్న, నలుగురూ కలిసి ఒక పలకను పడుకోబెడుతున్నారు. నా తండ్రి! తన రెండు చేతులతో! "నెమ్మదిగా, నెమ్మదిగా అండీ," అని వాళ్ళకు చెబుతున్నాడు. నేను కేక పెట్టేలోపు చట్రానికి తగిలి పలక మూల నుంచి చిన్న ముక్క ఊడి కింద పడింది.

"నాన్నా!"

అందరూ ఆగిపోయారు.

"కుర్చీల లోడు తగిలిందమ్మా," అన్నాడు డ్రైవరు. "దార్లోనే దింపేది. మీ రాళ్ళు పడుకోబెడితే వాటి మీద సర్దుకోవచ్చు. పెద్దాయన సరేనన్నాడు."

"ఆయనకి ఉరితాడు ఇచ్చినా కొలత సరిగ్గా ఉందండీ అంటాడు! ఆయన్ని అడగడమేంటి నువ్వు? బాడుగ మాట్లాడింది నాతో. నన్నడుగు."

"ఇంత రాయికి ఇంత గొడవేంటమ్మా, బంగారమా ఏమన్నానా?"

"బంగారమైతే నీ బండెందుకు ఎక్కిస్తాం? ముందు దాన్ని లేపి నిలబెట్టు. అదయ్యేదాకా నేను ఇక్కణ్ణించి కదలను, నీ బండీ కదలదు." పలకల ముందు బైఠాయించాను. వాన జల్లు లోపలికి కొడుతోంది. టీ కొట్టు ముందు జనం పోగయ్యారు. డ్రైవరు కాసేపు నన్ను, కాసేపు కుర్చీల్ని చూసి, ఏదో గొణుక్కుంటూ కుర్చీలవాడికి లేదని చెప్పేశాడు. పలక మళ్ళీ నిలబడింది.

బండి కదిలాక నేనూ వెనకే కూర్చున్నాను. నాన్న ఊడిన ముక్కను చేతిలో పెట్టుకుని చూస్తున్నాడు.

"పడుకోబెడితే విరుగుతుందని నీకు తెలుసు. వాళ్ళకి చెప్పింది నువ్వే. మరి ఎలా సరేనన్నావు?"

"ఆయన బండి కదమ్మా. ఆయన అడిగినప్పుడు..."

"ఈ బల్ల ఎవరిది నాన్నా?"

"నువ్వు కొన్నావు."

"ఎవరికోసం కొన్నాను?"

ఆయన ఆ ముక్కను తువ్వాలు కొసలో ముడి వేసుకున్నాడు. నాకు కోపంతో ఏడుపొచ్చింది. సెక్రటరీ గారి మీద, డ్రైవరు మీద, ఈయన మీద. ఎక్కువగా ఈయన మీదే.

*

పలకలు మా గుమ్మంలోంచి పట్టలేదు. కిటికీ ఊచలు తీయించాల్సి వచ్చింది. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. "సమాధి రాళ్ళా?" అని అడిగాడొకడు. "నీకు సరిపోతుందేమో కొలుచుకో," అంది మా అత్తగారు లోపల్నించి.

బల్ల కాళ్ళు, చట్రం బిగించాడు మా ఊరి వడ్రంగి. పలకలు ఎక్కించబోతూ ఆగాడు. "విప్పినప్పుడు వేసిన అంకెలేవండీ?"

క్లబ్బు దగ్గర వడ్రంగి వేసిన సుద్ద అంకెలు మూడు పలకల మీదా లేవు. ఎవరు చెరిపారు? నాన్న తల వంచుకున్నాడు. లారీ ఎక్కించాక తుడిచాడు కదా! బల్ల మీద సుద్ద కనపడితే ముప్ఫై రెండేళ్ళు తుడిచిన చెయ్యి, వాటి మీద వేసినవి అంకెలని కూడా చూడకుండా తుడిచేసింది. మా ఆయన నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. నాకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు.

మధ్య పలక ఏదో తెలుస్తూనే ఉంది, దానికి రెండు పక్కలా పాకెట్ల కోత ఉంటుంది. రెండు చివరి పలకలే కవల పిల్లల్లా ఉన్నాయి. ఏది ఏ చివరికో తెలియకుండా పెడితే మరమేకుల కన్నాలు కలవవు, అతుకు దగ్గర ఎత్తుపల్లాలు వస్తాయి, బంతి సాఫీగా దొర్లదు.

నాన్న వాటి ముందు గొంతుక్కూర్చుని రెండింటినీ మెల్లగా నిమిరాడు. ఒకదాని మీద చెయ్యి ఆగింది. "ఇది తలవైపుది, ఆట మొదలుపెట్టే చివర. ఇక్కడ మరక ఉంది చూడు."

లేత గోధుమరంగు మరక, అరచెయ్యంత.

"ఒకసారి ఒకాయన టీ కప్పు బల్ల మీదే పెట్టి ఆడాడు. ఒలికిపోయింది. గుడ్డలోంచి రాతికి దిగింది. మర్నాడు కమిటీ పిలిచింది. నేనే ఒలకబోశానని చెప్పాను."

"ఎందుకు?"

"ఆయన అలా చెప్పమన్నాడు."

"ఎవరాయన?"

"ఇప్పుడెందుకమ్మా. ఊరుకున్నంత ఉత్తమం లేదు."

ఆ పేరు ఇప్పటికీ చెప్పలేదు. ఆయన పరువును మా నాన్న ఇంత భద్రంగా దాచాడు, మా నాన్న పరువును దాచింది ఎవరు? ఇంత చెప్పి మళ్ళీ మరక మీద తువ్వాలు వేసి రుద్దుతున్నాడు. తువ్వాలు లాగేసుకున్నాను.

మూడు రోజులు పట్టింది. రసమట్టం పెట్టి, కాళ్ళ కింద అట్టముక్కలు దోపి, అతుకుల్లో మైనం కరిగించి పోసి, ఊడిన మూలను జిగురుతో అతికించాడు నాన్న. కొత్త గుడ్డ నేనే లాగి బిగించాను. ఎక్కడా ముడత లేదు. బంతిని వేలితో తోస్తే ఆ చివరి దాకా గీత గీసినట్టు వెళ్ళింది. నాన్న ఆ రోజు ఇంట్లో అందరికీ వినపడేలా నవ్వాడు.

ఆ తర్వాత మా ఇంటి వరస మారిపోయింది. మా ఆయన షాపు కట్టేసి తొందరగా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. "మామయ్యా, ఒక్క ఆట!" అనేవాడు. మోకాళ్ళు వంగవని ఏడ్చే అత్తగారు బల్ల మీదికి వంగి కొట్టేది. పది రోజులు తిరిగేసరికి అందరం నాన్నను ఓడించేస్తున్నాం. అత్తగారైతే వరసగా నాలుగాటలు గెలిచి వీధిలో చెప్పుకుని వచ్చింది.

ఐదో ఆటలో నాన్న కొట్టిన నల్ల బంతి పాకెట్ అంచున ఆగినప్పుడు ఆవిడ కర్ర కింద పెట్టేసింది. "అన్నయ్యగారూ, నేను గెలిస్తే మీకెవరైనా జీతమిస్తున్నారా?"

"అబ్బే, లేదమ్మా..."

"మరి? నాకు అరవై ఎనిమిదేళ్ళు. నన్ను ఉయ్యాల్లో పిల్లలా గెలిపించకండి. ఓడిపోవడం నాకు బాగా వచ్చు. పెళ్ళయిన దగ్గర్నించీ అదే పని."

నాన్న ఎర్రబడ్డాడు. ఆ తర్వాత ఆవిడతో ఆడినప్పుడల్లా నల్ల బంతి దాకా వచ్చి, "మిగిలింది రేపు" అని కర్ర గోడకు ఆనించేసేవాడు. ఓడిపోవడం మానేశాడు గానీ గెలవడం మొదలుపెట్టలేదు.

*

వానలు తగ్గుతున్నప్పుడు సెక్రటరీ గారు వచ్చాడు. మా ఊళ్ళో ఉన్న కొడుకు ఇంటికి వచ్చాడట, కారు వీధి చివర ఆపి నడిచి వచ్చాడు. హాలంతా కలయజూశాడు. "బల్ల కంటే ఇల్లు చిన్నదిగా ఉందే!" అని నవ్వాడు. నేను మంచి కుర్చీ తెచ్చి నాన్న వెనకాల వేశాను. సెక్రటరీ గారికి నా మిషను ముందుండే స్టూలు చూపించాను. మా ఆయన నా చెయ్యి గిల్లాడు. గిల్లితే గిల్లనీ.

నాన్న మాత్రం బంతులు పేర్చి, ఆయన కర్రకు సుద్ద రాసి ఇచ్చాడు.

ఆట మొదలైంది. ఆ రోజు నాన్న ఆడిన తీరు మా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. మాటల్లేవు, "అయ్యయ్యో"లు లేవు. సెక్రటరీ గారికి మూడు మిగిలి ఉండగానే నాన్నవి ఏడూ అయిపోయాయి. అత్తగారు మంచం దిగి వచ్చి నిలబడింది. నల్ల బంతి మూల పాకెట్‌కి ఎదురుగా, మూరెడు దూరంలో ఉంది. నాన్న సుద్ద రాశాడు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. వెయ్యి నాన్నా, మన ఇల్లు, నీ బల్ల, వెయ్యి!

బంతి పాకెట్ అంచుకు తగిలి బయటికి వచ్చేసింది.

సెక్రటరీ గారు నింపాదిగా తన మూడూ వేసి, నల్లది వేసి, కర్ర బల్ల మీద పడేశాడు. వెళ్ళబోతూ నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంకా అలవాటు పోలేదన్నమాట! మీ ఇంట్లో కూడా వదిలేశావు. మా అందరికీ తెలుసులేవోయ్, నువ్వు వదిలేస్తావని. అందుకే నువ్వంటే మాకంత ఇష్టం."

తెలుసట! ముప్ఫై రెండేళ్ళూ తెలుసట! తెలియకుండా పోగొట్టుకోవడమే పని అనుకుని ఈయన అంత నేర్పుగా ఓడిపోతే, వాళ్ళు తెలిసే చప్పట్లు కొట్టించుకున్నారన్నమాట. కారు వెళ్ళేదాకా కూడా ఆగలేకపోయాను.

"సిగ్గు లేదూ నీకు? మూడో మిషను మానుకుని, వానలో రెండు రోజులు తడిసి, లారీవాడితో, వీధివాళ్ళతో మాటలు పడి తెచ్చింది దీనికా? వాడికి మన ఇంట్లో కూడా సలాము కొట్టడానికా? ఇక్కడ నీకు ఎవరు జీతమిస్తున్నారు నాన్నా? ఎందుకు వదిలేశావు?"

నాన్న కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నేను వదల్లేదమ్మా."

"మళ్ళీ అబద్ధమా?"

"గెలుద్దామనే కొట్టాను. నిజంగానే తప్పింది." కర్ర కొస మీది సుద్దను బొటనవేలితో తుడిచాడు. "ముప్ఫై రెండేళ్ళు ఆ బంతి దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెంట్రుకవాసి పక్కకి తిప్పాను. ఇప్పుడు నేను తిప్పకపోయినా అదే తిరిగిపోతోంది."

ఇంత కోపం పెట్టుకుని ఎవరి మీద చూపించాలో తెలియలేదు. వెళ్ళి మిషను ముందు కూర్చున్నాను, కానీ ఏమీ కుట్టలేదు. మా ఆయన బయటికి నడిచాడు. అత్తగారే బల్ల దగ్గరికి వెళ్ళి, నల్ల బంతిని తీసి, అది ఇందాక ఉన్నచోటే పెట్టింది.

"కొట్టండి అన్నయ్యగారూ."

కొట్టాడు. తప్పింది. ఆవిడ మళ్ళీ తెచ్చి పెట్టింది. మళ్ళీ తప్పింది. ఆ పూటంతా బంతి అంచుకు తగిలే చప్పుడు, ఆవిడ చెప్పుల చప్పుడు, అవే వినిపించాయి. ఎన్నిసార్లు తప్పిందో నేను లెక్కపెట్టలేదు. చీకటి పడే ముందు ఒకసారి మాత్రం చప్పుడు వేరేగా వచ్చింది, బంతి పాకెట్ అడుగుకు పడిన చప్పుడు. ఆవిడ బంతి తీసి మళ్ళీ అక్కడే పెట్టింది.

మర్నాడు పొద్దున సెక్రటరీ గారు ఫోన్ చేశాడు. "మీ నాన్నకి చెప్పమ్మా, సాయంత్రం మా అబ్బాయిని కూడా తీసుకొస్తున్నా. బల్ల తుడిచి రెడీగా ఉంచమను."

నా నాలుక చివర చాలా మాటలున్నాయి. మొదటిది బయటికి రాబోతుండగా నాన్న వచ్చి ఫోను నా చేతిలోంచి తీసుకున్నాడు.

"నేనేనండీ... సాయంత్రం వద్దండీ. కుదరదు. సాధన చేసుకుంటున్నాను. చెయ్యి కుదిరాక నేనే కబురు పెడతాను, అప్పుడు రండి." అవతలివైపు ఏదో నవ్వు, ఏవో మాటలు. నాన్న ఓపిగ్గా విన్నాడు. తర్వాత ఎప్పటిలాగే మర్యాదగా, స్కోరు చెప్పే గొంతుతో అన్నాడు.

"లేదండీ, నిన్న నేను వదల్లేదు. నిజంగానే తప్పింది. ఇన్నేళ్ళలో మీరు నా మీద గెలిచింది నిన్నటి ఆట ఒక్కటేనండీ."